షుగర్ ఉన్నవాళ్లలో ఎంతమందికి కళ్లు దెబ్బతింటాయి? పాలమూరు, నల్లగొండ దవాఖానల్లో చూసిన అనుభవంతో జవాబు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. అమ్మకు 54 ఏళ్లు, షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. చూపు బాగానే ఉంది, అద్దాలు పెట్టుకుని బియ్యంలో రాళ్లు కూడా ఏరుతుంది. మొన్న క్యాంపులో కంటి ఫొటో తీసి "రెండు కళ్లూ మైల్డ్ ఎన్‌పీడీఆర్" అని చీటీ రాసిచ్చారు. మా ఊళ్లో షుగర్ వల్ల ఇద్దరికి చూపు పోయింది. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. అసలు షుగర్ ఉన్నవాళ్లలో ఎంతమందికి కళ్లు పోతాయి? అమ్మకు లేజర్ చేయించాలా?

జవాబు:

తమ్ముడూ, రెండో ప్రశ్నకు ముందు చెబుతాను, రాత్రి నిద్రపడుతుంది. చీటీలో ఉన్నది అంతే అయితే ఇప్పుడు లేజర్ అక్కర్లేదు. ఇంజెక్షనూ అక్కర్లేదు. ఎన్‌పీడీఆర్ అంటే షుగర్ వల్ల రెటీనాకు, అదే కంటి వెనక పొరకు, వచ్చే జబ్బులో కొత్త రక్తనాళాలు ఇంకా పుట్టని దశ. మైల్డ్ అంటే ఆ పొర మీద సన్న రక్తనాళాలు అక్కడక్కడా చిన్న బుడగల్లా ఉబ్బాయని అర్థం. ఫొటోలో చూస్తే కుంకుమ రేణువులు నాలుగు రాలినట్టు ఉంటాయి, అంతే.

మొదటి ప్రశ్నకు జవాబు కొంచెం పొడుగు. అంకె చెప్పి ఊరుకుంటే తప్పుగా అర్థమవుతుంది.

నేను డాక్టర్ను కాను. సర్కారు దవాఖానల్లో ఆప్తాల్మిక్ ఆఫీసర్‌గా 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. సగం సర్వీసు పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, సగం నల్లగొండలో. చూపు పరీక్ష చేయడం, అద్దాలు రాయడం, అనుమానం ఉన్నవాళ్లను పెద్ద డాక్టర్ దగ్గరికి పంపడం మా పని. జనం మాత్రం "కండ్ల డాక్టరు" అనే పిలుస్తారు. కాదంటే వినరు.

ముందు అంకెలు. 50 ఏళ్లు దాటినవాళ్ల మీద 2015 నుంచి 2019 దాకా మన దేశంలో జాతీయ సర్వే ఒకటి జరిగింది. షుగర్ ఉన్నవాళ్లలో 16.9 శాతం మందికి రెటీనా మీద షుగర్ గుర్తులు కనబడ్డాయి. అంటే ఆరుగురిలో ఒకరికి. వాళ్లలో ఎక్కువ మంది మీ అమ్మగారిలా మైల్డ్ దశలో ఉన్నవాళ్లే. చూపు పోయే ప్రమాదమున్న దశకు చేరినవాళ్లు 3.6 శాతం. 40 దాటినవాళ్లను తీసుకుని పది రాష్ట్రాల్లో, ఒక కేంద్రపాలిత ప్రాంతంలో చేసిన ఇంకో పెద్ద అధ్యయనం 2022లో వచ్చింది. అందులో జబ్బు 12.5 శాతం, చూపుకు ముప్పున్న దశ 4 శాతం. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి కదా. కాబట్టి వందమంది షుగర్ వాళ్లుంటే పన్నెండు నుంచి పదిహేడు మందికి కంట్లో షుగర్ గుర్తులుంటాయి, ముగ్గురు నలుగురికి వెంటనే వైద్యం కావాలి అనుకోండి. వీళ్లకు కూడా కళ్లు పోయినట్టు కాదు. పోకుండా ఆపే టైం ఇంకా ఉందని అర్థం.

వెతికితే వేరే అంకెలు కూడా కనబడతాయి, కంగారుపడకండి. ప్రపంచం మొత్తంలో జరిగిన 35 అధ్యయనాలను కలిపి 2012లో వేసిన లెక్కలో ముగ్గురిలో ఒకరికి పైగా జబ్బు, పదిమందిలో ఒకరికి ముప్పున్న దశ అని వచ్చింది. చెన్నైలో ఇరవై ఏళ్ల కింద ఇంటింటికీ తిరిగి చూస్తే 17.6 శాతం. హైదరాబాదులో 1990ల చివర్లో తమకు షుగర్ ఉందని చెప్పినవాళ్లను చూస్తే వందకు సుమారు 22 మంది. అంకె ఇలా మారడానికి కారణం ఎవరిని లెక్కపెట్టారన్నదే. ఇంటింటికీ తిరిగి, షుగర్ ఉందని అప్పుడే తెలిసినవాళ్లను కూడా కలిపితే శాతం తగ్గుతుంది. కంటి దవాఖాన లైన్లో నిలబడ్డవాళ్లను లెక్కపెడితే పెరుగుతుంది. ఇబ్బంది లేనివాడు అక్కడికి ఎందుకొస్తాడు?

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా. కంటి జబ్బుల లెక్కలకు మన పాలమూరుకు పాత సంబంధం ఉంది. 1996 నుంచి 2000 దాకా ఎల్‌వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ వాళ్లు ఉమ్మడి రాష్ట్రంలో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. హైదరాబాదుతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు తీసుకున్నారు. అప్పట్లో మా వైపు పల్లెల్లో చూపు పోయిందంటే మోతిబిందే, అంటే శుక్లం. షుగర్ పట్నపోళ్ల రోగం అనేవాళ్లు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అచ్చంపేట వైపు క్యాంపు పెడితే వందమందిలో షుగర్ ఉందని చెప్పేవాళ్లు ఇద్దరో ముగ్గురో. రిటైరయ్యే నాటికి అదే వైపు క్యాంపు పెడితే బల్ల మీద బీపీ, షుగర్ గోళీల పట్టీ పెట్టనివాళ్లను వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇప్పుడు మీకు పనికొచ్చే మాట. ఈ శాతాలన్నీ షుగర్ వాళ్లందరినీ ఒక గంపలో పోసి తీసిన సగటు. ఒక మనిషికి ఎంత ముప్పు అన్నది షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందన్న దాన్ని బట్టి చాలా మారిపోతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1980లలో చూసినప్పుడు, ఇరవై ఏళ్లు దాటిన పాత షుగర్ ఉన్నవాళ్లలో, చిన్నతనంలోనే ఇన్సులిన్ మీద పడ్డ టైప్ 1 వాళ్లకైతే దాదాపు అందరికీ, మీ అమ్మగారిలాంటి టైప్ 2 వాళ్లలో 60 శాతం మందికి ఎంతో కొంత జబ్బు కనబడింది. అప్పటితో పోలిస్తే ఇప్పుడు మందులు మెరుగయ్యాయి, అంత ఉండకపోవచ్చు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుందన్నది మారలేదు. మీ అమ్మగారికి ఇది తొమ్మిదో ఏడు. గుర్తులు మొదలవడం వింతేం కాదు. ఇక్కడే నిలబడుతుందా, ముందుకు పోతుందా అన్నదే చూడాలి.

కంటి లోపల ఏం జరుగుతుందో మా నల్లగొండ రైతులకు బత్తాయి తోటతో చెప్పేవాణ్ని. తోట నిండా డ్రిప్పు పైపులున్నాయి, నడుమ చిన్న ఇల్లుంది. ఏళ్ల తరబడి చవుడు నీళ్లు పారితే పైపులు పాడవుతాయి. ముందు అక్కడక్కడా ఉబ్బుతాయి, ఇది మైల్డ్. తర్వాత కారడం మొదలవుతుంది. కొన్ని పూడుకుపోయి చివరి చెట్లకు నీళ్లందవు. చెట్లు ఎండుతుంటే రైతు కంగారుపడి దొరికిన నాసిరకం పైపులు అడ్డదిడ్డంగా వేస్తాడు. కంట్లో కూడా అంతే, రక్తం అందని చోటు నుంచి కబురు పోయి కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. అవి పెళుసువి. ఒకరోజు పగిలి కన్నంతా రక్తం నిండుతుంది, లేదా మచ్చకట్టి రెటీనాను గోడ మీంచి పొరలా లాగేస్తాయి.

నడుమ ఉన్న ఇల్లు మాక్యులా, అంటే రెటీనా నట్టనడి భాగం. చదవడం, మొహాలు గుర్తుపట్టడం అన్నీ దానితోనే. ఇంట్లోకి నీళ్లు వస్తే ఇంటావిడకు వెంటనే తెలుస్తుంది, చూపు మసకబారుతుంది. మైల్డ్ దశలో అరుదుగానైనా ఇది జరగొచ్చు. కానీ తోట మూలల్లో పైపులు పగిలి చెట్లు సగం ఎండినా ఇంట్లో కూర్చున్న మనిషికి తెలియదు. బాగా ముదిరిన జబ్బు పెట్టుకుని కూడా చార్టులో ఆఖరి వరుస చదివేస్తారు. "అమ్మ రాళ్లు ఏరుతుంది" అన్నారు చూశారా, ఆ మాటతో నేను ఒకసారి మోసపోయాను.

కల్వకుర్తి వైపు ఒక టీచరమ్మ వచ్చింది. షుగర్ పదమూడేళ్లది. చార్టు గడగడా చదివింది, రెండు కళ్లూ 6/6, అంటే పూర్తి చూపు. "నాకు మంచిగనే కనవడ్తది సారూ, మా ఆయన పోరు పడలేక వచ్చిన" అంది. బయట ముప్పై మంది లైను. కనుపాప విప్పుకునే చుక్కలు వేస్తే అరగంట కూర్చోబెట్టాలి, షుగర్ పాతదైతే పాప త్వరగా విప్పుకోదు, రెండు మూడుసార్లు వేయాలి. ఆమెకు స్కూలుకు టైమవుతోంది, నాకు భోజనం టైమవుతోంది. "మళ్లీ వచ్చినప్పుడు వేద్దాం లే అమ్మా" అని దగ్గరి చూపు అద్దాలు రాసి పంపేశాను. ఏడు నెలలకు కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. తెల్లారి లేచేసరికి కుడికంట్లో ఎర్ర పొగ కమ్మిందట, దాని వెనక సాలెగూళ్లు కదులుతున్నాయట. హైదరాబాద్ పంపితే ఆ కంటికి ఆపరేషన్ చేసి లోపలి రక్తం తీశారు, చూపు కొంతే వచ్చింది. ఎడమ కంట్లో కూడా కొత్త నాళాలు అప్పటికే ఉన్నాయి, లేజర్‌తో ఆగాయి. నాకు ఆమె ఒక్కమాట అనలేదు. ఆ తర్వాత షుగర్ అని చెప్పినవాళ్లను చుక్కలు వేయకుండా నేను పంపలేదు, లైను ఎంతున్నా సరే.

అందుకే "ఎంతమందికి వస్తుంది" కంటే "ఎంతమంది చూపించుకున్నారు" అన్న అంకె నన్ను ఎక్కువ భయపెడుతుంది. పైన చెప్పిన జాతీయ సర్వేలోనే, షుగర్ ఉందని తెలిసినవాళ్లలో పదిమందికి తొమ్మిది మంది ఒక్కసారి కూడా కంటి వెనక పొర చూపించుకోలేదని తేలింది. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్లకు పైనే అని 2023లో ఐసీఎంఆర్ లెక్క వచ్చింది. వందకు ముగ్గురు నలుగురే కదా అనుకుంటాం. పది కోట్ల మీద అది ముప్పై నలభై లక్షల మంది. మీ ఊళ్లో చూపు పోయిన ఇద్దరినీ అడిగి చూడండి, మొదటిసారి రెటీనా ఎప్పుడు చూపించారని. చూపు తగ్గాకే అంటారని నా అంచనా.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది. "కంటి పరీక్ష అయింది సారూ, కంటి వెలుగుల అద్దాలిచ్చిన్రు" అంటారు. 2018 ఆగస్టు 15న తెలంగాణ సర్కారు మొదలుపెట్టిన ఆ కార్యక్రమం, 2023 జనవరిలో ఖమ్మంలో మొదలైన రెండో విడత, రెండూ మంచి పనులే. ఊరూరికీ పోయి ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా చూపు పరీక్ష చేశారు. మా వాళ్లు ఎండలో ఎంత తిరిగారో నాకు తెలుసు. కానీ అది ముఖ్యంగా చూపు ఎంతుందో చూసి అద్దాలిచ్చే పరీక్ష. చుక్కలు వేసి, లేదా ప్రత్యేక కెమెరాతో ఫొటో తీసి కంటి వెనక పొర చూడటం వేరే పరీక్ష. గుర్తుపట్టడం తేలికే. కళ్లలో చుక్కలు వేశారా? వేశాక నాలుగైదు గంటలు మసకగా ఉండి, వెలుతురు చూడలేకపోయారా? లేదంటే ఫ్లాష్ వెలిగించి లోపలి ఫొటో తీశారా? ఇవేవీ లేకపోతే రెటీనా చూసినట్టు కాదు. మీ అమ్మగారికి ఫొటో తీశారు కాబట్టి దొరికింది. ఆ క్యాంపు వాళ్లకు దండం పెట్టాలి.

మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంకో మాట అనేవాళ్లు, "ఫ్లోరైడ్ నీళ్లకు కండ్లు గూడ పోయినయి" అని. ఆ నీళ్లు ఎముకలను, పళ్లను ఎంత పీడించాయో కళ్లారా చూసినవాణ్ని. అందుకే వాళ్ల కోపం అర్థమవుతుంది. కానీ రెటీనా మీద కనబడే ఈ గుర్తులు షుగర్‌వే. నీళ్ల మీదికి నెట్టేసి షుగర్ పరీక్ష చేయించుకోనివాళ్లు కూడా ఉన్నారు, అదీ బాధ.

అద్దాల షాపుల సంగతి కూడా చెప్పాలి. షుగర్ ఎక్కువ తక్కువ అవుతుంటే కంట్లోని లెన్స్ ఉబ్బి తగ్గుతూ అద్దాల పవర్ మారిపోతుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తా ఒకాయన ఏడాదిలో మూడు జతలు మార్చాడు, ఒక్కటీ కుదరలేదు. అద్దాలు అమ్మినాయన షుగర్ సంగతి ఒక్కసారీ అడగలేదు. నేను పరీక్ష చేయిస్తే షుగర్ 380. అది అదుపులోకి వచ్చి నెలా నెలన్నర నిలకడగా ఉన్నాక రాసిన అద్దాలే ఇప్పటికీ పెట్టుకుంటున్నాడు. మీ అమ్మగారికి కూడా షుగర్ ఊగిసలాడుతున్నప్పుడు కొత్త అద్దాలు చేయించకండి, డబ్బులు దండగ.

మోతిబిందు కూడా షుగర్ వాళ్లకు తొందరగా వస్తుంది. ఆపరేషన్ మామూలే, కానీ ముందు రెటీనా చూపించాలి. అక్కడ వాపు ఉంటే దాని సంగతి చూసుకోకుండా మోతిబిందు తీసేస్తే చూపు రావాల్సినంత రాదు.

ఇక ఇప్పుడు ఏం చేయాలి. ఒక్కసారి రెటీనా డాక్టర్‌తో చుక్కలు వేయించి పూర్తిగా చూపించండి. క్యాంపు ఫొటోలో కన్ను మొత్తం రాదు, మాక్యులా వాపును కూడా ఫొటోతో తేల్చడం కష్టం. అనుమానం ఉంటే ఓసీటీ అనే స్కాన్ తీస్తారు, నొప్పి ఉండదు, గడ్డం ఆనించి ఒక చుక్క వైపు చూస్తే అయిపోతుంది. మీకు హైదరాబాద్ బస్సు నేరుగా ఉంది కాబట్టి మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి దవాఖాన ఒక దారి. నాగర్‌కర్నూల్ జిల్లా వాళ్లెవరైనా చదువుతుంటే తూడుకుర్తిలో ఎల్‌వీ ప్రసాద్ వాళ్ల కంటి ఆసుపత్రి ఉంది. అక్కడ కూడా మైల్డ్ అనే తేలితే ఏడాదికోసారి చాలు. మోడరేట్ అంటే ఆరు నెలలకు రమ్మంటారు. సివియర్ అంటే మూడు నాలుగు నెలలకే, లేజర్ మాట కూడా అప్పుడే వస్తుంది.

లేజర్ గురించి ఊళ్లో చెప్పుకునేది నమ్మకండి. "లేజర్ కొట్టిచ్చుకున్నంక కండ్లు పోయినయి" అంటారు. ఎండిన మూల చెట్లను తీసేసి ఉన్న నీళ్లు మిగతావాటికి సరిపెట్టడం లాంటిది లేజర్. పోయిన చూపు తేదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. ఆలస్యంగా చేయించుకున్నవాళ్లకు జబ్బు వల్ల పోయిన చూపు కూడా లేజర్ ఖాతాలో పడుతుంది. మాక్యులా వాపుకు ఇప్పుడు ఎక్కువగా కంట్లోకి ఇంజెక్షన్లు ఇస్తారు. వినగానే జనం లేచి వెళ్లిపోతారు, కానీ మత్తు చుక్కలు వేసి ఇస్తారు, చాలామంది చీమ కుట్టినట్టు ఉందనే అంటారు. దాంతో వచ్చే అసలు ఇబ్బంది నొప్పి కాదు, ఒక్కటితో అయిపోదు. మొదట్లో నెలకొకటి చొప్పున కొన్ని వేయించుకోవాలి. రెండు వేయించుకుని మానేసినవాళ్లను చాలామందిని చూశాను.

కంటికి వాడే మందుకంటే షుగర్, బీపీ గోళీలే ఈ దశలో కంటి మందు. 1993లో వచ్చిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనంలో, టైప్ 1 వాళ్లలో షుగర్‌ను గట్టిగా అదుపులో పెడితే కొత్తగా రెటీనా జబ్బు రావడం 76 శాతం తగ్గింది. తర్వాత బ్రిటన్‌లో టైప్ 2 వాళ్లలో బీపీ తగ్గిస్తే కంటి జబ్బు ముదరడం మూడో వంతు తగ్గింది. మన దగ్గర బీపీని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "కండ్లకు బీపీకి ఏం సంబంధం సారూ" అంటారు. పాడైన పైపులో మోటార్ ప్రెషర్ పెంచితే ఏమవుతుందో బత్తాయి రైతుకు నేను చెప్పాలా? మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 7 దగ్గర ఉండేలా చూడమని సాధారణంగా చెబుతారు. మీ అమ్మగారికి ఎంత ఉండాలో ఆమెను చూసే డాక్టర్ చెప్పాలి. కిడ్నీ పరీక్ష కూడా చేయించండి, కంట్లో గుర్తులున్నవాళ్లకు కిడ్నీ కూడా చూడాల్సిందే.

ఒక జాగ్రత్త. ఈ జవాబు చదివి షుగర్‌ను వారంలో దించేద్దామని గోళీలు మీరే పెంచకండి. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా తగ్గితే రెటీనా కొన్నాళ్లు ఇంకా పాడవుతుంది, ముఖ్యంగా ముందే జబ్బు ముదిరి ఉన్నవాళ్లకు. ఇన్సులిన్ మొదలుపెట్టేవాళ్లు అందుకే ముందు కళ్లు చూపించుకోవాలి. ఇంట్లో షుగర్ ఉన్న ఆడబిడ్డ గర్భంతో ఉన్నా అంతే, మొదటి మూడు నెలల్లోనే చూపించాలి. కంట్లో ఆకు పసరు, తేనె, చనుబాలు పోయనివ్వకండి. ఎంత ప్రేమ ఉన్న పెద్దమ్మ చెప్పినా సరే.

ఇంట్లో చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. వారానికోసారి అమ్మను ఒక కన్ను అరచేత్తో మూసుకుని గోడ మీది క్యాలెండర్‌లో తిథి చదవమనండి, కిటికీ ఊచలు చూడమనండి, తర్వాత రెండో కన్నుతో. రెండు కళ్లూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డదాన్ని కప్పేస్తుంది, నెలల తరబడి తెలియదు. అక్షరాలు మసకైనా, ఊచలు వంకరగా కనబడినా, నల్ల దోమలు ఎగిరినట్టున్నా, తెర పడ్డట్టున్నా ఆ రోజే బయల్దేరండి. అన్నీ బాగా కనబడ్డాయి కదా అని ఏడాది పరీక్ష మానేయకండి. ఎందుకో టీచరమ్మ సంగతి చెప్పాను కదా.

హైదరాబాద్ పోయే రోజు అమ్మను ఒంటరిగా బస్సెక్కించకండి. చుక్కలు వేశాక సాయంత్రం దాకా మెట్లు సరిగా కనబడవు, ఎండ అసలే చూడలేరు. టోపీయో కొంగో, నల్లద్దాలుంటే నల్లద్దాలు. బండి మీద పోతే తిరిగి వచ్చేటప్పుడు మీరే నడపాలి కాబట్టి మీ కళ్లలో చుక్కలు వేయించుకోకండి, మీ పరీక్ష ఇంకో రోజు పెట్టుకోండి. తల్లికి షుగర్ ఉంది కాబట్టి మీరు కూడా షుగర్ చూపించుకోవాల్సినవాళ్లే. షుగర్, బీపీ గోళీలు మామూలుగానే వేసుకుని, తినేసి రమ్మనండి. కంటి పరీక్షకు పరగడుపు అక్కర్లేదు, పస్తుండి లైన్లో కళ్లు తిరిగి పడ్డవాళ్లను ఎందరినో లేపాను. క్యాంపు చీటీ, ఆ ఫొటో, పాత షుగర్ రిపోర్టులు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకెళ్లండి. వచ్చే ఏడాది తీసే ఫొటోను డాక్టర్ దీని పక్కన పెట్టే చూస్తారు.